వైజాగ్ క్రికెట్ పిచ్చోడి ప్రేమకథ: చివర్లో హీరో మ్యాచ్ వదిలేయాల్సిందేనా?

తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను. మద్దిలపాలెం కుర్రాడు, ధోనీ అంటే ప్రాణం. హీరోయిన్‌ది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, క్రికెట్ అంటే పడదు. వాళ్ల పెళ్లి ముహూర్తం, ఐపీఎల్ ఫైనల్ ఒకే రాత్రి పడ్డాయి. చివర్లో హీరో టీవీ కట్టేసి మండపానికి పరిగెత్తుతాడు. స్క్రిప్టు చదివినవాళ్లు ఫస్టాఫ్‌కి బాగా నవ్వారు. సెకండాఫ్‌లో మాత్రం హీరో మీద విసుగొచ్చిందని, హీరోయిన్ హాస్టల్ వార్డెన్‌లా ఉందని అన్నారు. లోపం ఎక్కడుంది, క్లైమాక్స్ మార్చాలా అన్నది మీ ప్రశ్న.

నేను విశాఖలోనే పుట్టి పెరిగాను, చాలా ఏళ్లుగా కథా చర్చల్లో కూర్చుంటున్నాను. ఈ రకం కథలు నా దగ్గరికి తరచూ వస్తాయి. అన్నీ దాదాపు మీరు ఆగిన చోటే ఆగిపోతాయి. కారణం క్లైమాక్స్ కంటే చాలా ముందే ఉంటుంది. మీ కథ మొదటి పేజీ నుంచీ "ఆటా, అమ్మాయా?" అని అడుగుతోంది. దానికి జవాబు ప్రేక్షకుడికి టైటిల్స్ పడేటప్పుడే తెలుసు. ఇక మిగతా రెండు గంటలూ హీరోకి ఎప్పుడు బుద్ధొస్తుందా అని ఎదురుచూడటమే. అందుకే విసుగు.

ఈ కథలో నిజంగా అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. గెలిచినా ఓడినా ఒకదాన్నే పట్టుకుని ఏళ్ల తరబడి ఉండగలిగినవాడు, అంత నమ్మకంగా ఒక మనిషి పక్కన ఉండగలడా? అమ్మాయి అతన్ని ఇష్టపడటానికి కారణం కూడా ఆ పట్టుదలే అయి ఉండాలి. జట్టు వరసగా ఓడిపోతున్నా వదలని వాడు తనని మాత్రం ఎందుకు వదిలేస్తాడని ఆమెకి ఒక ధైర్యం. అదే పట్టుదల తర్వాత ఆమెకే అడ్డం తిరగాలి. అప్పుడు ఇద్దరి మీదా జాలి, ఇష్టం రెండూ ఉంటాయి.

ఈ తరహాలో పేరున్న సినిమా 'ఫీవర్ పిచ్'. దాని వెనక జరిగింది మీకు నేరుగా పనికొస్తుంది. నిక్ హార్న్‌బీ అనే ఇంగ్లండ్ రచయిత ఆర్సెనల్ ఫుట్‌బాల్ జట్టు మీద తన పిచ్చి గురించి 1992లో రాసిన పుస్తకం దానికి మూలం. 1997లో బ్రిటన్‌లో ఫుట్‌బాల్‌తోనే సినిమాగా వచ్చింది. అమెరికాలో ఫారెల్లీ సోదరులు దాన్ని బేస్‌బాల్‌కి మార్చి, డ్రూ బారీమోర్, జిమ్మీ ఫాలన్‌లతో బోస్టన్ రెడ్ సాక్స్ అభిమాని కథగా తీశారు. ఆ జట్టు 1918 తర్వాత కప్పు ముఖం చూడలేదు. అప్పుడూ ఓడిపోతారన్న లెక్కతోనే స్క్రిప్టు రాసుకుని 2004లో షూటింగ్ పెట్టుకున్నారు. ఆ ఏడాదే రెడ్ సాక్స్, తన చిరకాల ప్రత్యర్థి న్యూయార్క్ యాంకీస్ చేతిలో వరసగా మూడు ఓడి, తర్వాత వరసగా నాలుగు గెలిచి ఫైనల్‌కి వచ్చింది. అక్టోబర్ 27న సెయింట్ లూయిస్‌లో కప్పు కూడా కొట్టేసింది. యూనిట్ అక్కడికి పరిగెత్తి, హీరో హీరోయిన్లని ఆ మైదానంలోనే దింపి చివరి సీను మార్చుకుంది.

ఇక్కడ ఒకటి గమనించండి. చరిత్రంతా తలకిందులైనా వాళ్ల ప్రేమకథలో మార్చాల్సింది పెద్దగా లేకపోయింది. ఎందుకంటే ప్రేమ తేలిపోయే సీను కప్పు రాకముందే ఉంది. హీరో తన సీజన్ టికెట్లు అమ్మేయబోతుంటే, హీరోయిన్ మైదానానికి అడ్డంపడి పరిగెత్తి ఆపుతుంది. తన కోసం అతను అది వదులుకోవడం ఆమెకి అక్కర్లేదు. మీ స్క్రిప్టుకి కూడా ఇదే పరీక్ష పెట్టండి: ఆ రాత్రి ఫలితం తారుమారైతే మీ క్లైమాక్స్ నిలబడుతుందా? ఇప్పుడున్నది నిలబడదు.

ఇక మన ఊరి సంగతి. మీ కథ ఏ సంవత్సరంలో జరుగుతుందో మీరు రాయలేదు. ఇది పెద్ద లోపం. అభిమాని జీవితం తేదీలతోనే నడుస్తుంది, ఆ తేదీలు తెలిసినవాళ్లే మీ సినిమాకి మొదటి రోజు వచ్చేది. పైగా వైజాగ్‌లో ధోనీ పిచ్చోడి కథకి సంవత్సరాలు దేవుడు రాసిచ్చినట్టు ఉన్నాయి. 2005 ఏప్రిల్ 5న పీఎం పాలెం స్టేడియంలో జరిగిన మొట్టమొదటి వన్డేలో, పాకిస్తాన్ మీద, ధోనీ 123 బంతుల్లో 148 కొట్టాడు. వన్డేల్లో అతని తొలి సెంచరీ అదే. ఆ జులపాల జుట్టు కుర్రాడు ఎవరని దేశమంతా అడిగింది ఆ రోజే. నాన్న భుజాల మీద కూర్చుని అది చూసిన పిల్లాడికి అప్పుడు పదేళ్లు అనుకోండి. 2023 వేసవికి అతనికి ఇరవై ఎనిమిది. పెళ్లీడు.

2023 ఎందుకంటే, ఆ ఏడాది ఫైనల్ మీ కోసమే జరిగినట్టుంది. అహ్మదాబాద్‌లో మే 28 ఆదివారం జరగాల్సింది వానకి ఆగి, రిజర్వ్ డే 29కి మారింది. 29న మళ్లీ వాన. ధోనీ జట్టు చెన్నై ముందు 15 ఓవర్లలో 171 లక్ష్యం పెట్టారు. ఆట ముగిసేసరికి 30వ తేదీ, అర్ధరాత్రి దాటి ఒంటిగంట పైన. మన పెళ్లి ముహూర్తాలూ అదే వేళకి ఉంటాయి కదా! ఇంట్లోవాళ్లతో పోట్లాడి, ఫైనల్ అయిన మర్నాటికి పెళ్లి పెట్టించుకున్న అభిమాని, ఆదివారం రాత్రి టీవీలో వాన చూస్తూ రిజర్వ్ డే అన్న మాట వినగానే పెట్టే ముఖం చాలు, హాలు మొత్తం నవ్వుతుంది. ఈ నవ్వు కోసం అతన్ని తెలివితక్కువవాడిగా చూపించక్కర్లేదు. అతను అన్నీ సరిగ్గానే లెక్కేసుకున్నాడు, ఆకాశమే లెక్క తప్పింది. మీరు ఏ తేదీ పెట్టుకున్నా ఆ ఏటి పంచాంగం మాత్రం దగ్గర పెట్టుకోండి. ఉదాహరణకి 2024 మే, జూన్‌లలో మూఢం వల్ల ముహూర్తాలు లేవు. అప్పుడు పెళ్లి పెడితే క్రికెట్ తెలియని బామ్మలు కూడా పట్టేస్తారు.

ఇంకో మార్పు. ఆ పెళ్లి హీరోది కాకూడదు, అతని చెల్లెలిది అవ్వాలి. తన పెళ్లిలో తానే టీవీ ముందు కూర్చునేవాడిని ఎవరూ క్షమించరు, క్షమించాల్సిన అవసరమూ లేదు. చెల్లెలి పెళ్లిలో అన్నకి ఊపిరాడదు. మగపెళ్లివారి విడిది, కాఫీలు, బస్సు ఎక్కడ ఆగింది, వంటవాళ్లకి గ్యాస్ సిలిండర్ అయిపోయింది, అన్నీ అతని నెత్తినే. మధ్యమధ్యలో విడిది గదిలో టీవీ. ఆ హడావుడిలో చేసే పొరపాట్లు నవ్వు తెప్పిస్తాయి, ఒక్కోటి గుచ్చుకుంటుంది కూడా. అన్నిటికంటే ముఖ్యంగా, హీరోయిన్ ఆ పెళ్లికి అతిథిగా వస్తుంది. అతని చుట్టాలు ఆమెని చూడటం అదే మొదటిసారి. ఆమె స్వేచ్ఛగా తిరగగలదు, మాట్లాడగలదు, మాట పడగలదు.

ఆ మాట దగ్గరికి వస్తాను. మీ స్క్రిప్టులో అన్నిటికంటే బాగున్న జోక్‌ని మీరు ఒక్కసారి వాడి వదిలేశారు. ఫస్టాఫ్‌లో ఆమె బజ్జీల పొట్లం పట్టుకుని ఫ్రెండ్స్ గదిలోకి వస్తుంది, సరిగ్గా అప్పుడే వికెట్ పడుతుంది, "ఏటమ్మా, ఇప్పుడే కాలు పెట్టాలా?" అంటాడు ఒకడు. అందరూ నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది. అక్కడితో అయిపోయింది. అది అక్కడ అయిపోకూడదు. మ్యాచ్ చూసే ప్రతి ఇంట్లో ఈ నమ్మకాలు ఉన్నాయి. పార్ట్‌నర్‌షిప్ నడుస్తుంటే ఎవరూ లేవకూడదు. గెలిచిన రోజు వేసుకున్న జెర్సీ ఉతక్కూడదు. ఒకడు వెళ్లి కిచెన్ గుమ్మంలో నిలబడితే ఫోర్లు వస్తున్నాయని తెలిస్తే, వాడు ఇన్నింగ్స్ అయ్యేదాకా అక్కడే నిలబడాలి. ప్రపంచంలో అన్ని ఆటల అభిమానుల్లోనూ ఇలాంటివి కనిపిస్తాయి. ఫలితం మన చేతుల్లో లేనప్పుడు చేతికందిన ఏదో ఒకదాన్ని పట్టుకుంటాం.

కానీ మన దగ్గర అదే మాట ఇంకోచోట కూడా వాడతారు. కొత్త కోడలు అడుగుపెట్టిన నెలలో మామగారికి ఒంట్లో బాగోలేకపోతే, షాపు దెబ్బతింటే, "ఆ పిల్ల కాలు మంచిది కాదు" అంటారు. ఐరన్ లెగ్ అన్న ముద్ర పడి ఏడ్చిన ఆడవాళ్లు మనందరికీ తెలుసు. మీ కథకి గుండెకాయ ఇక్కడుంది. ఫస్టాఫ్‌లో ఫ్రెండ్స్ నోట్లో సరదాగా మొదలైన మాట, సెకండాఫ్‌లో హీరో పెద్దమ్మ నోట్లో నిజమైన తీర్పుగా రావాలి.

ఆ రాత్రి ఎలా కుదురుతుందో చూడండి. అదే ఫైనల్లో గుజరాత్ బౌలర్ మోహిత్ శర్మ వరస బంతుల్లో అంబటి రాయుడినీ, ధోనీనీ అవుట్ చేశాడు. ధోనీ మొదటి బంతికే వెళ్లిపోయాడు. రాయుడు మనవాడు, అదే అతని చివరి ఐపీఎల్ మ్యాచ్. విడిది గది మొత్తం గుడ్లప్పగించి చూస్తోంది. హీరోయిన్ పసుపు కుంకాల పళ్లెం ఎక్కడుందో అడగడానికి తలుపు తోసి లోపల అడుగు పెడుతుంది. ధోనీ అవుట్. ఫ్రెండ్ అలవాటు ప్రకారం, "మళ్లీ ఐరన్ లెగ్!" అని అరుస్తాడు. ఈసారి గదిలో పెద్దమ్మ ఉంది. ఆమె టీవీ వైపు చూడదు, అమ్మాయి కాళ్ల వైపు చూస్తుంది. "ఏటీ, ఈ పిల్లకి ఆ పేరుందా?" అంటుంది. అంతే. ఎవరూ నవ్వరు. హీరో కళ్లు ఇంకా స్క్రీన్ మీదే ఉన్నాయి, ఏం జరిగిందో అతనికి వెంటనే అందదు. ఆమె పళ్లెం తీసుకోకుండానే బయటికి వెళ్లిపోతుంది.

ఈ సీను పెడితే మీ హీరోయిన్ వార్డెన్‌గా ఉండాల్సిన అవసరం పోతుంది. ఆమె కోపం మ్యాచ్ మీద కాదని ప్రేక్షకుడికి ఎవరూ చెప్పనవసరం లేదు.

హీరోయిన్ ఉద్యోగం కూడా మార్చమంటాను. సాఫ్ట్‌వేర్ తప్పేమీ కాదు గానీ, మీ కథలో అది లాప్‌టాప్ మూసి తెరవడానికి తప్ప దేనికీ పనికిరావడం లేదు. ఫీవర్ పిచ్ హీరోయిన్ తన ఉద్యోగంలో ఎంత మునిగిపోతుందో హీరో ఆటలో అంత మునిగిపోతాడు, అందుకే వాళ్ల గొడవ సమానంగా నడుస్తుంది. విశాఖలో తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణం, సముద్రం చదివే విభాగం ఉంది. అక్కడ చదివి ఇక్కడ పనిచేసే అమ్మాయిని ఊహించండి. ఆమెకీ ఒక పిచ్చి ఉంది: ఆకాశం. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడితే నిద్రపోదు. పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే ఆమె ఇల్లు మరిచిపోతుంది. సముద్రం మీదికి వెళ్లిన జాలరులు వెనక్కి వచ్చారో లేదో అని ఆమె టెన్షన్ పడుతుంటే, ఇతను ఫోన్ చేసి "ఆదివారం మ్యాచ్‌కి వాన పడుతుందా?" అని అడుగుతాడు. అతనికి అది జీవన్మరణ సమస్య, ఆమె చేతిలో ఉన్నది నిజంగానే జీవన్మరణ సమస్య. ఈ ఒక్క ఫోన్ కాల్‌లో నవ్వూ ఉంది, గొడవా ఉంది. చెల్లెలి పెళ్లిలో ఆమె ఉద్యోగం ఏమిటో తెలిశాక, అహ్మదాబాద్‌లో వాన ఎప్పుడు తగ్గుతుందని పెళ్లికొడుకు తరఫువాళ్లతో సహా అందరూ ఆమెనే అడుగుతారు.

వాళ్లిద్దరూ దగ్గరయ్యే సీనుకి కూడా మన ఊరి చరిత్రే ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. 14న ఇక్కడే భారత్, వెస్టిండీస్ వన్డే జరగాల్సింది, రద్దయింది. అప్పటికి హీరోకి పందొమ్మిదేళ్లు. ఆ టికెట్ అతను ఇంకా పర్సులో దాచుకున్నాడు. లాసన్స్ బే దగ్గర గట్టు మీద కూర్చుని, జరగని మ్యాచ్ టికెట్ ఆమెకి చూపిస్తాడు. ఆమె ఆ రాత్రి గాలి చప్పుడు ఎలా ఉందో, తెల్లారి చూస్తే కైలాసగిరి పచ్చదనం ఎలా పోయిందో, ఆ రోజే తను ఈ చదువు చదవాలని ఎందుకు అనుకుందో చెప్తుంది. ఇద్దరికీ అది ఒకే వారం. అక్కడ డైలాగులు ఎక్కువ రాయకండి, ఆ టికెట్ మీద తేదీ చూపిస్తే చాలు.

ఇప్పుడు క్లైమాక్స్. చివరి రెండు బంతుల్లో పది పరుగులు కావాలి. మీ హీరో ఇరవై ఎనిమిదేళ్లలో ఎప్పుడూ చేయని పని చేస్తాడు: అలాంటి సమయంలో కుర్చీలోంచి లేస్తాడు. "లేవకురా!" అని గది మొత్తం అరుస్తుంది. బయట పెళ్లి పందిట్లో ఉన్న ఆమె దగ్గరికి వెళ్లి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, అందరి ముందూ, పెద్దమ్మ ముందూ, తన కుర్చీలో కూర్చోబెడతాడు. బంతి ఇంకా పడలేదు. ఏం జరుగుతుందో అతనికి తెలియదు. ఓడిపోతే జన్మంతా ఆమె పేరు చెప్తారని తెలుసు, అయినా కూర్చోబెట్టాడు. ప్రేమ అక్కడే తేలిపోయింది. ఆ తర్వాత చెన్నై బ్యాటర్ జడేజా సిక్స్, ఫోర్ కొట్టడం చరిత్ర, అది ప్రేక్షకుడికి మీరిచ్చే బోనస్. మ్యాచ్ వదిలేయాలా అని అడిగారు కదా, వదిలేయక్కర్లేదు. మ్యాచ్ చూసే గదిలో ఆమెకి చోటు ఇవ్వాలి.

అయితే ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్త. గెలిచిన వెంటనే ఎవరో ఒకరు "లక్కీ లెగ్!" అని అరుస్తారు. చాలా స్క్రిప్టులు ఆ కేకతో ముగించి చప్పట్లు ఆశిస్తాయి. అది తప్పు. ఈ రోజు అదృష్టం ఆమెదైతే, రేపటి దురదృష్టం కూడా ఆమె ఖాతాలోకే పోతుంది. హీరో ఆ మాటని కూడా అక్కడే ఆపాలి. "కొట్టింది జడేజా" అన్న ఒక్క మాట చాలు. నా అనుభవంలో ఇలాంటి చిన్న మాటలకే హాల్లో ఆడవాళ్లు ముందు చప్పట్లు కొడతారు.

చివరి సీనుకి కూడా మంచి తేదీ ఉంది. 2024 మార్చి 31, ఆదివారం, మళ్లీ పీఎం పాలెం. అది ఢిల్లీకి హోం మ్యాచ్, కానీ స్టేడియం నిండా పసుపు జెర్సీలే. ధోనీ 16 బంతుల్లో 37 నాటౌట్, చెన్నై 20 పరుగుల తేడాతో ఓడిపోయింది. అయినా జనం ఊగిపోతూ బయటికి వచ్చారు. పెళ్లయి కొత్తగా వచ్చిన ఆమె అతని పక్కనే ఉంటుంది, జట్టు ఓడిపోతుంది, ఎవరూ ఆమె కాళ్ల వైపు చూడరు. "మీవాళ్లు ఓడిపోయారు కదా, ఇంత ఆనందం ఏమిటి?" అని ఆమె అడగొచ్చు, అతని దగ్గర సరైన జవాబు ఉండక్కర్లేదు. కార్ షెడ్ జంక్షన్ దాకా కదలని ట్రాఫిక్‌లో బండి మీద వాళ్ల సంభాషణ రాయండి, మ్యాచ్ రోజు హైవే మీద ఇరుక్కున్న ప్రతి వైజాగ్ వాడూ నవ్వుతాడు.

కామెంట్లలో ఒకరు బెంగళూరు అభిమాని కథ చేయమన్నారు, పద్దెనిమిదో సీజన్‌లో, 2025 జూన్ 3న, వాళ్లకి తొలి కప్పు వచ్చింది కాబట్టి. కథగా బలమైనదే. కానీ మర్నాడు బెంగళూరు స్టేడియం దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఆ గెలుపుని హాస్యం కోసం వాడుకుని ఆ మర్నాటిని దాటేసి పోవడం సరికాదు, దాటకుండా ఉంటే అది రొమాంటిక్ కామెడీ కాదు. నేనైతే ముట్టుకోను. క్రికెట్ వద్దనుకుంటే కబడ్డీ చూడండి. ప్రో కబడ్డీ లీగ్‌లో తెలుగు టైటాన్స్ 2014లో మొదటి సీజన్ నుంచీ ఆడుతోంది, 2025 సీజన్ దాకా కప్పు లేదు. వైజాగ్‌లో వాళ్ల మ్యాచ్‌లు కూడా జరిగాయి. ఓడిపోయే జట్టుని ప్రేమించేవాడి కథకి అంతకంటే దగ్గరి దారి లేదు.

హక్కుల గురించి కూడా అడిగారు. మ్యాచ్ ఫుటేజ్ అనుమతి లేకుండా వాడలేరు, జట్ల పేర్లు, లోగోల మీద కూడా ట్రేడ్‌మార్క్ ఉంటుంది. స్క్రిప్టు ఖాయమయ్యాక సినిమా హక్కులు చూసే లాయర్‌ని ఒకసారి కలవండి. ఖర్చు భయపెడుతోందా, అయితే టీవీ స్క్రీన్ చూపించకండి. కెమెరా గది వైపే తిప్పండి: ముఖాలు, పట్టుకున్న చేతులు, సగం తిన్న ప్లేట్లు. కామెంటరీ మీరే రాసి డబ్బింగ్‌లో చెప్పించుకోవచ్చు. అభిమాని సినిమాలో చూడాల్సింది ఎలాగూ ఆ ముఖాలే. ముందు విడిది గది సీను రాసి పంపండి, మిగతాది దాని తర్వాత మాట్లాడుకుందాం.